ఒక్కటీ దాచకుండా చెప్పిన వంట

మా అత్తగారు ఏ వంటా పూర్తిగా చెప్పరు. ఇది నేను ఆవిడ మీద వేస్తున్న నింద కాదు. ఆవిడే నలుగురిలో నవ్వుతూ ఒప్పుకుంటారు. "అన్నీ చెప్పేస్తే ఇక నా గుమ్మం ఎవరు తొక్కుతారే?" అంటారు. సున్నుండలు చెప్పినప్పుడు మినుములతో పాటు గుప్పెడు బియ్యం కూడా వేయించాలని చెప్పలేదు. దోసావకాయ చెప్పినప్పుడు ఆవాలు వేయించకూడదని చెప్పలేదు. నేను వేయించాను, జాడీకి జాడీ అంతా చేదెక్కితే పారబోశాను. ఉలవచారు సంగతి సరేసరి, పెళ్ళయి ఐదేళ్ళయినా నేను పెడితే నీళ్ళలాగే ఉంటుంది. అలాంటి మనిషి ఒక్కటీ దాచకుండా, గిన్నె కొలతతో సహా నాకు చెప్పిన వంట ఒక్కటే. ఉగ్గు. మూడో నెలలో మా పాపకి పోస్తే తొమ్మిది రోజులు ఆస్పత్రిలో పడుకోబెట్టిన ఉగ్గు. దాన్ని మా ఇంటి వంటల పుస్తకంలో మొదటి పేజీలో వేయమన్నారు. నా చేత టైపు చేయించి మరీ వేయమన్నారు.

ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకుంటే అప్పుడు రాయడానికి ఏమీ మిగలదని ఇప్పుడే రాస్తున్నాను. పాప నిద్రపోతే తప్ప తీరదు కాబట్టి రాత్రిళ్ళు కాస్త కాస్త.

పుస్తకం ఆలోచన మా ఆడపడుచుది. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. హైదరాబాదులో ఉద్యోగం, తొలిచూలు. "శ్రీమంతానికి వచ్చినవాళ్ళకి స్టీలు డబ్బాలేం ఇస్తాం వదినా, అందరి ఇళ్ళలోనూ అవే మూలుగుతున్నాయి. మన ఇంటి వంటలన్నీ పుస్తకం వేసి ఇద్దాం. నువ్వయితే రాయగలవు" అంది ఫోన్లో. ఎమ్మెస్సీ చదివి, బందరులో పిల్లని చూసుకుంటూ ఇంట్లో కూర్చున్న నన్ను పట్టుకుని 'రాయగలవు' అన్న మనిషి ఆ ఇంట్లో ఆ అమ్మాయొక్కతే. వెంటనే ఒప్పేసుకున్నాను.

ప్రతి శనివారం పాపని ఎత్తుకుని అత్తగారింటికి గుడివాడ బస్సెక్కేదాన్ని. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు దిగితే తప్ప సీటు దొరికేది కాదు. నా సంచిలో నోటుపుస్తకం కంటే ముందు థర్మామీటరు, జ్వరం మందు, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఉంటాయి. మా అత్తగారికి అదో నవ్వులాట. "మా కోడలు మెడికల్ షాపు మోసుకుని తిరుగుతుందమ్మా" అని పక్కింటావిడకి చెప్పేవారు. పాప దగ్గితే నేను ఉలిక్కిపడతాను. అది నిజమే. ఎందుకు ఉలిక్కిపడతానో ఆవిడకి తెలుసు. తెలిసీ నవ్వేవారు.

వంటలు చెప్పించుకోవడం కంటే వాటిని పుస్తకంలో ఉండనివ్వడం కష్టమైంది. గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన మెత్తళ్ళతో వంకాయ కూర రాస్తే, "ఎండు చేపలు తీసెయ్, నలుగురూ చూసేది" అన్నారు. ఆ కూర పొయ్యి మీద ఉన్న రోజు మా మావగారు ఇంకో కూర వంక కూడా చూడరు. అయినా సరే, పుస్తకానికి పనికిరాదట. దాని బదులు పనీర్ కూర వేద్దామన్నారు. ఆ ఇంట్లో పనీర్ వండగా నేనెప్పుడూ చూడలేదు.

మా అత్తగారి అమ్మగారు దివిసీమలో ఉంటారు. మేమంతా అమ్మమ్మ అనే పిలుస్తాం. పులిగడ్డ వంతెన దాటి, ఆటో ఎక్కి, ఆవిడ దగ్గర రెండు రోజులుండి వచ్చాను. ఫోన్లో రికార్డు చేస్తూ అడిగాను.

"చింతచిగురు ఎండు రొయ్యల్లో కారం ఎంత అమ్మమ్మా?"

"చాలినంత."

"చాలినంత అంటే?"

"తిన్నవాడు నీళ్ళడగాలి. బిందె అడక్కూడదు."

"ఉలవచారుకి ఉలవలెన్ని?"

"దానిక్కూడా పుస్తకమా పిల్లా? ఉలవలు ఎడ్లకి, ఉడికిన నీళ్ళు మాకు. అంతే కదా."

ఆ మాట నాకెంతో నచ్చి ఉలవచారు పేజీలో పైన అలాగే రాశాను. మా అత్తగారు పెన్ను తీసుకుని కొట్టేశారు. "ఎడ్లతో పంచుకు తిన్నామని ఊరంతా చాటుతావా?" అన్నారు. సరే, అది ఆవిడ పుట్టిల్లు, ఆవిడ పరువు. కొట్టేసిన మాటలకి నేను బాధపడ్డానే గాని కోపం రాలేదు. కోపం తర్వాత వచ్చింది.

ఉగ్గు సంగతి మా అత్తగారు వాయిస్ మెసేజిలో పంపారు. మిగతా వంటలతో కలిపి మొత్తం ముప్ఫై ఎనిమిది మెసేజిలు పంపారు, ఒక్కోటి విని టైపు చేసుకుంటూ పోయాను. వసకొమ్ము ఎలా కాల్చాలో, సానరాయి మీద తల్లిపాలతో ఎన్ని చుట్లు అరగదీయాలో, ఉగ్గుగిన్నెలో ఆముదం ఎంతవరకు పోయాలో, పిల్లని కాళ్ళ మీద ఎలా పడుకోబెట్టుకోవాలో, మింగకపోతే ఏం చేయాలో, అన్నీ వరసగా చెప్పారు. దాచింది లేదు. నేను కూడా వరసలో పడి టైపు చేసేశాను. చేయడమే కాదు, పైన రెండు వాక్యాలు సొంతంగా చేర్చాను. బిడ్డ ఈ లోకంలో రుచి చూసే మొదటి వంట ఇదేననీ, వస తాగిన పిల్లలు గలగలా మాట్లాడతారనీ. నా చేతులతో నేనే రాశాను. ఈ వ్యవహారంలో నాకు అందరికంటే ఎక్కువ కోపం నా మీదే ఉందని ముందే చెప్పేస్తే మంచిది.

గుడివాడలో ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్నాయన పేజీలు సర్దుతూ, "మేడం, ఈ మొదటి పేజీ మాత్రం చాలా బాగా రాశారండీ. మా మిసెస్‌కి ఎనిమిదో నెల. ఓ ప్రింటు తీసుకోనా?" అన్నాడు. అప్పుడు చదివాను. అచ్చులో చదివాను. "మింగకపోతే ముక్కు పట్టుకోవాలి, గుటక వేస్తారు" అని ఉంది. "వద్దండీ, అందులో తప్పుంది" అని పేజీ తీయించేసి బయటికి వచ్చాను.

ఇప్పుడు ఆ తప్పేమిటో చెప్పాలి.

మూడో నెలలో నన్నూ పాపనీ మా పుట్టింటి నుంచి అత్తారింటికి తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున మా అత్తగారు నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఉగ్గు పోశారు. పాప ఏడుస్తోంది, మింగడం లేదు. "ముక్కు పట్టుకోవే, చూస్తూ కూర్చుంటావేం?" అన్నారు. నేను పట్టుకున్నాను. నా రెండు వేళ్ళతో. పాప కొయ్యబారిపోయింది, తర్వాత దగ్గింది, తర్వాత మూతి చుట్టూ నీలంగా అయింది. వీపు తట్టారు, ఏడ్చింది. "పోయింది, లోపలికి పోయింది" అని అందరూ నవ్వారు. నిజంగానే లోపలికి పోయింది. మూడో రోజుకి ఊపిరి ఎగబీలుస్తుంటే విజయవాడ తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఏమైనా పోశారా? నూనె, ఆముదం?" అని అడిగింది.

"లేదండీ" అన్నారు మా ఆయన.

"పోశామండీ" అన్నాను నేను.

ఆవిడ నా వంకే తిరిగింది. "అది కడుపులోకి పోలేదమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆరు నెలల దాకా నీ పాలు తప్ప ఒక్క చుక్క ఏదీ వద్దని ఎవరూ చెప్పలేదా? ఏం చదువుకున్నావు?"

"ఎమ్మెస్సీ అండీ."

"ఎందులో?"

"కెమిస్ట్రీ."

ఆవిడ కేసు కాగితం ముందుకు లాక్కుంది. రాసుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

తొమ్మిది రోజులు. ముక్కుకి గొట్టం, పాదానికి సూది. ఆ తొమ్మిది రోజుల తర్వాత ఇంటికొస్తే మా అత్తగారు చూడవచ్చినవాళ్ళకి చెప్పిన మాట ఇది: "నిమ్ము చేసిందమ్మా. మా కోడలు బస్సులో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని వచ్చిందట, చలిగాలి కొట్టేసింది." నేను పక్క గదిలో పాలిస్తూ వింటున్నాను. హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకి కూడా ఫోన్లో అదే చెప్పారు. నేను ఎదురు చెప్పలేదు. పాప దక్కింది, అదే చాలనుకున్నాను. చెప్తే ముక్కు పట్టుకున్నది ఎవరని అడుగుతారని కూడా అనుకున్నాను. రెండేళ్ళు నా కిటికీ, నా చలిగాలి, నా తప్పు అన్నట్టే తిరిగాను.

ప్రెస్సు నుంచి తెచ్చిన, ఆ పేజీ తీసేసిన కాపీని మా అత్తగారి చేతికి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తిప్పారు, మళ్ళీ వెనక్కి తిప్పారు.

"ఉగ్గు ఏదే?"

"తీసేశానండీ అత్తయ్యా."

"తీసేయడానికి నువ్వెవరు? అది మా అమ్మ పేజీ. పురిటికి వచ్చే పిల్ల శ్రీమంతానికి పంచే పుస్తకంలో అది లేకపోతే ఇంకేం ఉన్నట్టు? పనీరా?"

"పనీరు మీరే వేయమన్నారు కదండీ. పాపకి ఏమైందో మీకు తెలుసు."

"చలిగాలికయింది."

"డాక్టరమ్మ చెప్పింది..."

"డాక్టర్లకేం, వాళ్ళకి బిల్లు కావాలి. మా అమ్మ మాకు పోసింది, నేను మీ ఆయనకి పోశాను, వాడి చెల్లెలికి పోశాను. మేమంతా పెరగలేదా?"

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రతి ఇంట్లో ఇదే మాట. పెరిగినవాళ్ళే ఎప్పుడూ ఈ మాట అంటారు. పెరగనివాళ్ళు వచ్చి చెప్పరు. ఆ రాత్రి అమ్మమ్మ రికార్డింగులు మళ్ళీ విన్నాను. చింతచిగురుకీ పీతల పులుసుకీ మధ్య, నేను పట్టించుకోకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. "ఏడుగుర్ని కన్నానమ్మా, ఏడుగురికీ నేనే ఉగ్గు పోశాను. నలుగురు దక్కారు. ఒకడు దగ్గి దగ్గి పోయాడు, ఆరు వారాలప్పుడు. ఆ రోజుల్లో అంతే" అంటోంది ఆవిడ. వెంటనే నా గొంతు, "పీతలు ఎలా శుభ్రం చేస్తారు అమ్మమ్మా?" అని అడుగుతోంది. ఆ పిల్లవాడు ఉగ్గు వల్లే పోయాడని నేననను. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచకపోవడం, నాకు కూడా తోచకపోవడం, దాని మీదే నా కోపమంతా.

మా ఆయనతో చెప్పాను. "ఒక్క పేజీకి ఇంత గొడవా? పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఎవరు చేస్తారు?" అన్నారు.

"మీ చెల్లెలు చేస్తుంది. మీ అమ్మగారు చేయిస్తారు. అదే ఇంట్లో, అదే పీట మీద."

ఆయన ఫోను చూసుకున్నారు. ఫోన్లో ఏమీ లేదు, వెలుగు కూడా లేదు.

పుస్తకం ఆ పేజీ లేకుండానే అచ్చయింది, ప్రెస్సుకి వెళ్ళేది నేను కాబట్టి. గెలిచాననుకున్నాను. ఆడపడుచుకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాలని మూడుసార్లు నంబరు నొక్కాను. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని భయపెట్టడమెందుకని మూడుసార్లూ పెట్టేశాను. పేజీ లేదు కదా, ఇంకేం అని సర్ది చెప్పుకున్నాను. ఎంత తెలివితక్కువ దాన్నో శ్రీమంతం నాడు తెలిసింది.

గుడివాడ ఇంట్లోనే చేశారు. హాల్లో కుర్చీ వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి గాజులు తొడుగుతున్నారు. పళ్ళెంలో చలిమిడి, పూలు, పసుపు. పెద్దవాళ్ళంతా చుట్టూ చాప మీద. నేను పుస్తకాలు పంచుతున్నాను. మా అత్తగారు అందరికీ వినపడేలా అన్నారు: "మా కోడలే రాసిందండీ. అన్నీ రాసింది గాని పిల్లలకి పోసే ఉగ్గు మాత్రం రాయనంది. చదువుకున్న పిల్ల కదా, మన ఉగ్గు దాని కంటికి ఆనలేదు."

నవ్వులు. అంతటితో ఆగినా నేను ఊరుకునేదాన్ని.

"దానికి పుస్తకమెందుకే, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అందొకావిడ. "వసా, ఆముదమూ."

"మేం జాజికాయ కూడా ఒక చుట్టు వేస్తాం."

"జాజికాయ వేస్తే మత్తుగా పడుంటారు, వద్దు. కరక్కాయ వెయ్యండి."

"ఏది వేసినా మింగరు వెధవలు. ముక్కు పట్టుకోవాల్సిందే."

"ఎన్ని చుట్లు పెద్దమ్మా?" అని అడిగింది మా ఆడపడుచు.

రెండు చేతులా గాజులతో, నిండుగా నవ్వుతూ, శ్రద్ధగా అడిగింది. నేర్చుకుంటోంది. నేను ప్రెస్సులో తీయించేసిన పేజీ నా కళ్ళ ముందే, పదిమంది నోళ్ళతో, ఆ పిల్ల చెవిలో మళ్ళీ అచ్చవుతోంది. నా చేతిలో పుస్తకాలున్నాయి, అందులో లేదు. అందులో లేకపోతే ఎవరిక్కావాలి? అది ఏనాడైనా పుస్తకంలో ఉందా?

"మా పాప ముక్కు నేనే పట్టుకున్నాను" అన్నాను.

గొంతు నేననుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. అందరూ తిరిగారు. చెప్పేశాను. నలుగు పెట్టిన దగ్గర్నుంచి, మూతి నీలమైన దగ్గర్నుంచి, ఎక్స్‌రే దాకా. చలిగాలి కాదని చెప్పాను. కిటికీ మూసే ఉందని కూడా చెప్పాను, రెండేళ్ళుగా ఆ కిటికీ నా గొంతులో ఇరుక్కుని ఉంది మరి.

"శుభమా అని పిల్లకి గాజులు తొడుగుతుంటే, ఇప్పుడా చెప్పేది?" అన్నారు మా అత్తగారు.

"ఇంకెప్పుడు చెప్పాలండీ? పుట్టి, పోశాకా?"

ఎవరో దిష్టి తీయమన్నారు. ఇంకెవరో ఆ రోజుల్లో ఆస్పత్రులెక్కడివి అన్నారు. ఆడపడుచు వాళ్ళమ్మ వంక చూసి, "చలిగాలన్నావు కదమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. మా అత్తగారు చలిమిడి పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. భోజనాలు వడ్డించేదాకా బయటికి రాలేదు. వచ్చాక నాకు తప్ప అందరికీ వడ్డించారు. నేను పెట్టుకుని తిన్నాను. పులిహోర బాగుంది. కోపంలో కూడా ఆవిడ చేయి తప్పదు.

తిరుగు బస్సు పెడన దాటింది. అప్పుడు మా ఆయన, "ఆ రోజు డాక్టరమ్మతో నేను లేదన్నాను కదా" అన్నారు. "అన్నారు" అన్నాను. పాప మా ఇద్దరి మధ్య నిలబడి కిటికీలోంచి చేయి బయట పెట్టబోతే ఆయనే లోపలికి లాగారు.

ఆ తర్వాత రెండు నెలలు గుడివాడ నుంచి నాకు ఫోన్ రాలేదు. వచ్చినప్పుడు చేసింది ఆడపడుచు. ఆడపిల్ల పుట్టింది. "వదినా, ఆస్పత్రి నుంచి ఇంటికొస్తున్నాం. స్నానాల టైముకి నువ్వుండు. అమ్మకి నేనొక్కదాన్నీ చెప్పలేను" అంది. పాపని తీసుకుని గుడివాడ వెళ్ళాను. నెల రోజులుగా ఇక్కడే ఉన్నాను, మా ఆయన బందరులో హోటల్ భోజనం చేస్తున్నారు. ఉద్యోగం లేనిదాన్ని కాబట్టి కాపలాకి నేనే దొరికానని ఇక్కడ కొందరు అంటున్నారు. అనుకోనివ్వండి, కాపలాయే.

మా అత్తగారు తన తప్పని ఇప్పటికీ అనలేదు. అంటారని నేను ఎదురు చూడటమూ లేదు. ఆవిడ నీళ్ళు పోసినట్టు ఇంకెవరూ పోయలేరని మాత్రం ఒప్పుకుంటాను. ఆ చేతుల్లో పిల్ల ఏడవదు, నా చేతుల్లో ఏడుస్తుంది. నలుగు పెట్టి, వీపు రుద్ది, జోకొడుతూ ఆవిడ పిల్లతో మాట్లాడతారు. మాటలన్నీ పిల్లకి, అర్థమంతా నాకు.

"చూడవే తల్లీ, మీ అత్త నీకు వస పోయనివ్వలేదు. రేపు నీకు మాటలు రాకపోతే మీ అత్తనే వెళ్ళి అడుగు."

"అడగాలంటే ముందు మాటలు రావాలి కదండీ" అన్నాను ఇవాళ.

ఆవిడ చెంబు ముంచి ఈసారి కాస్త విసురుగా పోశారు. పోయనివ్వండి. నీళ్ళు వీపు మీద పడుతున్నాయి, నోట్లో పడటం లేదు.